బెలుం గుహల యాత్ర
(మన సంఘ మాసాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గడచిన మాసమున మన సంఘమువారు ఏర్పాటు చేసిన యాత్రలో రెండు బస్సుల జనము బెలుం గుహలను చూచి వచ్చితిమి. రాలేకపోయినవారికి ఆ విశేషములను వినిపింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. తరువాత నేర్చినదంతయు బండల డిపోలో నేర్చినదే. అయినను ఈ విషయమున మాకు కొంత అధికారము కలదని మనవి చేయుచున్నాము. ఇరువది యేండ్లుగా మేము సున్నపురాతి బండలను కొని అమ్మి జీవించుచున్నాము. ఏ రాతిని చదరపు అడుగుల లెక్కన లారీల కెక్కించుచున్నామో, ఆ రాతి కడుపులో ఏమున్నదో చూచుటకే పోయితిమి.

ఈ యాత్రను గూర్చి కార్యవర్గమున వాదము జరిగిన సంగతి మీరెఱుగుదురు. "చీకటి బిలములో చూడదగిన దేమున్నది? ఆ ఖర్చుతో పిల్లలను నీటి యాటల పార్కునకు తీసికొనిపోయిన సంతోషింతురు గదా" యని కొందఱనిరి. "రేణిగుంట దాటి పోవుచు కొండమీది స్వామిని దర్శింపకుండ పోవుటయా?" యని మఱికొందఱు. రెండవ ఆక్షేపణకు మా యొద్ద సమాధానము లేకపోయినది గనుక తిరుగు ప్రయాణమున తిరుపతిలో ఆగితిమి. మొదటి ఆక్షేపణకు సమాధానమే ఈ ప్రసంగము.

బెలుం నేడు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములో నున్నది. 2022 వఱకు అది కర్నూలు జిల్లాలోనిది. 1953లో మదరాసు మనకు దక్కక కర్నూలు రాజధాని అయిన నాటి ముచ్చట్లను బస్సులో పెద్దలు చాల దూరము చెప్పుకొనిరి. అది వేఱు కథ. చెన్నపురి నుండి కడప మీదుగా సుమారు 400 కిలోమీటర్ల దూరము. రైలులో పోదలచినవారు ముంబయి మార్గమున తాడిపత్రిలో దిగవలెను. అచ్చటినుండి గుహలకు 30 కిలోమీటర్లు. బిలము అను మాటయే బెలుం అయినదని అచ్చటివారు చెప్పుదురు.

గుహను చెప్పుటకు ముందు రాతిని గూర్చి రెండు మాటలు చెప్పనిండు. మన యింట వంటగట్టునకు, అలమరలకు పఱచిన నల్లని బండను చూచుచున్నారు గదా. తమిళ సోదరుల యిండ్లలోను అదియే. వారు దానిని "కడప్పా కల్లు" అందురు. మన సీమ పేరు ఈ నగరమున ప్రతి వంటయింటను వినబడుచున్నది. కాని అది ఒక ఊరి పేరని ఎఱిగినవారు తక్కువ. మా డిపోకు వచ్చిన మన తెలుగు బాలుడే యొకడు "కడప్పా" యనగా నలుపు రంగు అనుకొనుచుండెను! జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల ప్రాంతములలో దీనినే నాపరాయి యందురు. పొరలు పొరలుగా చీలుట దీని గుణము. ఉలి పెట్టి తట్టినచో పుస్తకపు పుట వలె విడివడును. 1872లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ కడప కర్నూలు శిలలను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారము కర్నూలు సున్నపురాళ్లు 50 కోట్ల సంవత్సరములకు పైబడినవి. పూర్వము సముద్రపు అడుగున పేరుకొన్న బురద యిది. చేపయు పుట్టని కాలపు రాతిమీద మనము చేపలు తరుగుకొనుచున్నాము.

ఈ గుహకును మన చెన్నపురికిని ఒక సంబంధము కలదు. దానిని మేము బస్సులో పిల్లలకు చెప్పితిమి, మీకును చెప్పెదము. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను ఆంగ్లేయుడు భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగి. 1863 మే 30వ తేదీన మన పల్లావరములో, ఎఱ్ఱమట్టి కంకర త్రవ్విన చోట, ఆదిమానవుడు చెక్కిన రాతి పనిముట్టు నొకదానిని అతడు కనుగొనెను. ఈ దేశమున పూర్వమానవుని గూర్చిన పరిశోధన ఆ రాతితో ఆరంభమైనదని చెప్పుదురు. నేడు విమానములు దిగు ఆ ప్రక్కననే. ఆ ఫుట్ దొరయే 1884లో బెలుం గుహను చూచి లోకమునకు తెలిపెను. ఆ దినములలోనే బేతంచెర్ల సమీపమున బిల్లసర్గము గుహలను అతడును అతని కుమారుడును త్రవ్వించి, పూర్వకాలపు జంతువుల ఎముకలను వెలికి తీసిరి. ఆ గుహలలో ఎముకలున్నవని అంతకు పూర్వమే, 1844లో, మదరాసు సైన్యమునకు చెందిన న్యూబోల్డు అను కాప్టెను వ్రాసియుండెను. ఫుట్ జీవితమంతయు ప్రోగుచేసిన రాళ్లను, పెంకులను 1904లో మదరాసు ప్రభుత్వము కొని ఎగ్మూరు ప్రదర్శనశాలలో పెట్టినది. కావున బెలుం గుహకు పోవు దారి ఎగ్మూరునుండియే మొదలగుచున్నదని మేమందుము.

ఫుట్ చూచి పోయిన తరువాత దాదాపు నూఱేండ్లు ఆ గుహను పట్టించుకొన్న శాస్త్రజ్ఞుడు లేడు. 1982 మొదలు 1984 వఱకు గెబౌయర్ అను జర్మను దేశీయుడు తన బృందముతో వచ్చి, లోపల ప్రాకుచు దేకుచు 3,229 మీటర్లు కొలిచెను. ఇంతలో చుట్టుపట్ల చెత్తయంతయు ఆ బిలములలో చేరుచుండెడిదట. దానిని ఆపి గుహను కాపాడుమని ప్రభుత్వము వెంటబడినవారు బెలుం గ్రామస్థులే. 1999లో రాష్ట్ర పర్యాటక సంస్థ ఆ పని చేపట్టినది. పూడిక తీసి, దారి వేసి, దీపములు పెట్టి, 2002 ఫిబ్రవరి నుండి జనమును లోపలికి పంపుచున్నారు. ఒక ఊరివారు తమ యూరి గోతిని గోతిగా వదలక నిలబెట్టుకొనిరన్న సంగతి మాకు గుహకంటె తక్కువ వింతగా తోచలేదు.

ఇది దేశములో రెండవ పెద్ద గుహ యని తఱచుగా వ్రాయుదురు. తూకము సరిగా నుండవలెను గదా! మేఘాలయలో ముప్పది కిలోమీటర్ల పొడవున్న సున్నపురాతి గుహ కలదు. ఇంకను పెక్కు పెద్ద గుహలు అచ్చట కలవు. మైదాన ప్రదేశములలో మాత్రము బెలుం మిక్కిలి పొడవైనది. ఆ ఘనత చాలును.

పైనుండి చూచిన అచ్చట కొండయు లేదు, గుట్టయు లేదు. చదునైన నేల, శనగ చేలు, ఎండ. దూరమునుండి కనబడునది పెద్ద బుద్ధ విగ్రహ మొక్కటే. పూర్వము బౌద్ధ, జైన సన్న్యాసులు ఈ గుహలో తపస్సు చేసికొనిరని చెప్పుదురు. నేలలో బావుల వంటి మూడు గోతులున్నవి. నడిమి గోతిలో మెట్లు దిగవలెను. బొఱ్ఱా గుహలను చూచినవారు కొండ నోరు తెఱచినట్లుండు ద్వారమును తలచుకొని వచ్చి, ఇచ్చట "ఇంతేనా?" యని నిరాశపడుదురు. నాలుగు మలుపులు తిరిగిన పిమ్మట ఆ మాట మఱచుదురు.

లోపల చల్లగా నుండునని తలచి శాలువలు తెచ్చుకొన్నవారు మొదటి పావుగంటలోనే వానిని చంకను పెట్టుకొనిరి. చెన్నపురి వైశాఖమును మించిన ఉక్క. గొట్టములద్వారా పైగాలిని లోపలికి పంపుచుందురు. ఆ గొట్టము క్రిందికి పోయినప్పుడెల్ల మా పెద్దలు అచ్చట రెండు నిమిషములు నిలిచి కదలిరి. యాత్రికులు నడువదగిన దారి సుమారు కిలోమీటరున్నర. కొన్నిచోట్ల మండపము వలె కప్పు ఎత్తుగా నుండును, కొన్నిచోట్ల వంగి పోవలెను. సింహద్వారము, కోటిలింగములు, ఊడలమఱ్ఱి, వేయి పడగలు, ధ్యాన మందిరము, సప్తస్వరముల గుహ అని గదులకు పేర్లు పెట్టిరి. అన్నిటికంటె లోతైనది పాతాళగంగ. ప్రవేశద్వారమునకు 46 మీటర్లు దిగువ. అచ్చట సన్నని నీటిపాయ రాతిలో పుట్టి రాతిలోనే కనబడకుండ పోవును. అది పోయి తమ యూరి బావిలో తేలునని అచ్చటివారి నమ్మకము.

ఈ పేర్ల దగ్గఱనే మేము చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఒకటి జరిగినది. ఊడలమఱ్ఱి గదిలో కప్పునుండి రాతి స్తంభములు వరుసగా దిగియుండును. మాతో వచ్చిన తొమ్మిదవ తరగతి బాలిక యొకతె పేరుపలకను ఆంగ్లములో చదివెను. తెలుగు చదువలేదు. ప్రక్కనున్న నాయనమ్మగారు ఆంగ్లమెఱుగరు, తెలుగు చదివిరి. "ఊడ యనగా ఏమి నాయనమ్మా?" అని ఆ బాలిక అడిగెను. "మఱ్ఱికొమ్మనుండి నేలకు దిగు వేరు" అని ఆమె చెప్పినను బాలికకు తోచలేదు. అప్పుడామె "అడయారులో దివ్యజ్ఞాన సమాజమువారి తోటలోని పెద్ద మఱ్ఱిని చూచితివి గదే. 1989 గాలివానలో నడిమి మ్రాను కూలినను చెట్టు బ్రదికియున్నది వేనిమీద?" అనెను. "ఓ, విళుదా!" యనెను బాలిక. తమిళపు మాట తెలియును, తెలుగు మాట తెలియదు. తమిళము తెలిసినందుకు మేము విచారింపము. మనము ఈ నగరపు నీరు త్రాగుచున్నాము, ఆ భాష వచ్చుట మన పిల్లలకు అవసరము, గౌరవము. 2006 నాటి చట్టము తరువాత బడిలో తమిళము తప్పనిసరి అయినది. తెలుగునకు బడిలో చోటు తఱుగుచు వచ్చినది. కావున ఊడ, పడగ, బిలము, పాతాళము వంటి మాటలు పిల్లలకు ఇంటిలోనో, ఇటువంటి చోటనో దొరకవలెను గాని వేఱుచోట దొరకవు. ఆ బాలిక బయటికి వచ్చునప్పటికి పది పన్నెండు మాటలు తమిళ లిపిలో చేతిమీద వ్రాసికొనియుండెను. తెలుగు లిపిలో వ్రాసికొను దినము కూడ వచ్చునని ఆదివారపు తరగతి ఉపాధ్యాయినిగారు మాకు మాట యిచ్చిరి.

ఇక ఈ రాతి ఊడలు ఎట్లు కట్టినవి? మన బోరు నీటిని కాచినప్పుడు పాత్ర అడుగున తెల్లని పొర పేరుకొనుట స్త్రీలందఱు ఎఱిగినదే. అదియే యిది. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పుల్లనిదగును. ఆ నీరు రాతి బీటలలో దిగుచు సున్నపురాతిని కరగించుకొనిపోవును. వేల లక్షల యేండ్లు అట్లు కరగగా ఏర్పడిన ఖాళీయే గుహ. ఆ నీరు గుహ కప్పునుండి చుక్కగా వ్రేలాడినప్పుడు వాయువు విడిపోవును, కరగిన సున్నపురాయి మరల గట్టిపడి అంటుకొనును. చుక్క వెనుక చుక్క. పైనుండి దిగునవి కొన్ని, చుక్క పడినచోట నేలనుండి లేచునవి కొన్ని. రెండును కలిసినచో స్తంభము. సాధారణముగా సంవత్సరమునకు మిల్లీమీటరులో పదవ వంతు పెరుగునని శాస్త్రజ్ఞుల అంచనా. వర్తకుని లెక్క చెప్పెదము: అంగుళమునకు 250 యేండ్లు. జానెడు రాతి ఊడ శాతవాహనుల నాడు మొదలైనదై యుండును.

సప్తస్వరముల గుహలోని రాళ్లను చెక్కతోనో, వ్రేలి గణుపుతోనో తట్టినచో గంటల వలె ఒక్కొక్కటి ఒక్కొక్క ధ్వని యిచ్చును. మాకు ముందు పోయిన బృందమువారు, ఎవరో తెలియదు, ఒకరి తరువాత ఒకరు తట్టుచు, పాట వాయింపజూచుచు, ఫోనులలో బొమ్మలు తీసికొనుచుండిరి. మన పిల్లలును వరుస కట్టిరి. మేము తట్టవలదంటిమి. మనవారిలో ఒకరిద్దఱు కోపగించిరి. "టికెట్టు కొని వచ్చితిమి, రాయి అరగిపోవునా?" అనిరి. ఒక చేతికి అరగదు. కాని వచ్చువారు ఒకరు కారు, సెలవు దినములలో వేలు. చేతి చెమట, జిడ్డు అంటినచోట నీరు సరిగా జారదు, పెరుగుట ఆగును, నల్లబడును. ఎడతెగక వెలుగు దీపముల వేడికి, వెలుతురుకు గుహలలో పాచి పట్టును. మన ఊపిరియే హాని చేయును. ఫ్రాన్సు దేశమున లాస్కో యను గుహ 1940లో బయటపడినది. ఆదిమానవులు గోడలమీద వ్రాసిన ఎద్దుల, గుఱ్ఱముల బొమ్మలు చూచుటకు 1948 నుండి జనము విరగబడి వచ్చిరి. ఆ ఊపిరి తేమకు, వాయువుకు బొమ్మలు చెడనారంభించుటచే 1963లో దానిని మూసివేసిరి. నేడు అసలు గుహను చూడనీయరు, దాని నకలును కట్టి చూపుచున్నారు. బెలుం గుహకు నకలు కట్టు ధనము మన యొద్ద లేదు. ఈ వాదము తెగకుండగనే మేము ఆ గది దాటితిమి. కోపగించినవారు ఈ సభలో నున్నారు, వారికి ఈ లెక్క మరల ఒకసారి ఒప్పగించుచున్నాము.

ఇప్పుడు మా తోటి వర్తకులకు ఒక మాట. బెలుం పరిసరములలో నాపరాతి క్వారీలు, సిమెంటు కర్మాగారములు కలవు. మన యిండ్లు, వంతెనలు, మా దుకాణపు గల్లాపెట్టెయు ఆ రాతిమీదనే నిలిచియున్నవి. రాయి త్రవ్వరాదని మేము చెప్పినచో అది వేషధారణ యగును. కాని క్వారీలో చిన్న చిన్న గుహలు బయటపడుట కలదు. అందులోని తెల్లని మెఱుపు రాళ్లను, రాతి ఊడల ముక్కలను విఱిచి డిపోలకు తెచ్చి, అద్దాల బీరువాలో పెట్టుకొనుటకు బాగుండునని అమ్మజూపువారు కలరు. వెల తక్కువ, చూచుటకు ముచ్చట. బొఱ్ఱా ప్రాంతపు గనుల తగవు సుప్రీం కోర్టు వఱకు పోయినది. సమత అను సంస్థ వేసిన వ్యాజ్యమున 1997లో ఆ న్యాయస్థానము, షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. అది గిరిజనుల భూమిని గూర్చిన తీర్పు. కొలిమిగుండ్ల మైదానము ఆ తీర్పు పరిధిలోనిది కాదు. అచ్చట రాతి ఊడ ముక్కను విఱుచువాని చేయి ఆపవలసినది కొనువాడు. చెన్నపురిలో ఈ బండల వ్యాపారమున మనవారు అనేకులు ఉన్నారు. ఈ ముక్కలను కొనము, అమ్మము, బహుమతిగా కూడ ఈయము అని మనలో మనము ఒక కట్టుబాటు చేసికొనవలెనని ప్రతిపాదించుచున్నాము. మా డిపోలో అది ఈ మాసమునుండి అమలులో నున్నది. ఏడుగురు వర్తకులు సమ్మతించిరి. ఇద్దఱు ఆలోచించి చెప్పెదమనిరి. ఆలోచింతురు గాక, మేము మరల అడిగెదము.

తిరుగు దారిలో తాడిపత్రిలో పెన్న యొడ్డున బుగ్గ రామలింగేశ్వరుని ఆలయమును, చింతల వేంకటరమణుని ఆలయమును చూచితిమి. విజయనగర కాలపు ఆ శిల్పములను గూర్చి చెప్పబూనినచో అధ్యక్షులవారు గంట కొట్టుదురు. యాగంటి, గండికోట చూచుటకు కాలము చాలలేదు. రెండు రాత్రులు పెట్టుకొన్నవారు వానిని కూడ కలుపుకొనవచ్చును.

రెండవ యాత్ర పుష్యమాసమున ఉండును. ఎండకాలమున వలదు. ఊపిరి ఇబ్బంది, గుండె నొప్పి ఉన్నవారు పాతాళగంగ వఱకు దిగవలదు, పైననే చెట్ల నీడలో కూర్చుండవచ్చును. పలుచని నూలు బట్టలు, జారని చెప్పులు, ఒక్కొక్కరికి ఒక టార్చిలైటు. చిరుతిండి లోపలికి తేవలదు. పిల్లలు మాత్రము ఆ యాత్రకు ముందు ఒక ఆదివారము ఎగ్మూరు ప్రదర్శనశాలకు రావలెను. ఫుట్ దొర సేకరించిన రాళ్లను చూచి, ఆ తరువాత బస్సెక్కుదురు. ఉదయము తొమ్మిదిన్నరకు సంఘ కార్యాలయము వద్ద చేరవలెను. నోటుపుస్తకము తెచ్చుకొనవలెను, ఈ మాఱు చేతిమీద వ్రాసికొనుట లేదు. పేర్లను శనివారము సాయంకాలములోగా కార్యదర్శిగారికి ఇచ్చునది.